ఒక్క తప్పూ లేని విసురుగాడు

ఒక పెద్ద అడవిలో ఆట ఆడటం ఎప్పుడో మానేశారు. ఆట గురించి మాట్లాడటం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

అది వెలగకాయ ఆట. రెండు జట్లు. ప్రతి జట్టులో ఒకడు వెనక నిలబడి కాయ పట్టుకుంటాడు. ఎదుటి జట్టువాళ్ళు వాడి మీదికి ఉరికి వస్తుంటారు. వాళ్ళు వచ్చి మీద పడేలోపల వాడు ఆ కాయను వాళ్ళ తలల మీదుగా విసిరి, దూరంగా పరుగెత్తుతున్న తనవాడికి అందించాలి. అందుకున్నవాడు గీత దాటితే ఆ జట్టుకు ఒక గెలుపు. అంతా విసిరేవాడి చేతిలోనే ఉంది కాబట్టి వాడికి విసురుగాడు అని పేరు పెట్టారు. మిగతావాళ్ళకు పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.

చివరిసారి నిజంగా ఆడిన రోజున ఒక అడవిదున్న కాయ కోసం పరుగెత్తుతూ బయ్యన్న కాలు తొక్కాడు. బయ్యన్న ఎలుగుబంటి. అడవి సభకు పెద్ద. ఆయన ఆటలో లేడు, గీత పక్కన కూర్చుని తేనెపట్టు నాకుతున్నాడు. అయినా కాలు కాలే కాబట్టి మర్నాడే సభ కూడింది.

సభ కార్యదర్శి కంబగిరి అనే నక్క. ఏ కష్టం వచ్చినా దానికో సంఘం వేసి గట్టెక్కించే సమర్థుడు. ఆయన లేచి, "పెద్దాయనా, దెబ్బలన్నీ ఆడటం వల్లనే తగులుతున్నాయి. ఆడటం ఒక్కటి తీసేస్తే ఆటలో మిగిలేదంతా ఆనందమే" అన్నాడు.

అందరికీ ఆ మాట నచ్చింది. బయ్యన్న దెబ్బ తగలని రెండో కాలితో నేలను తట్టి తీర్మానం ఖాయం చేశాడు.

అప్పటినుంచి ఆటంతా బండ మీద గవ్వలతో నడిచింది. అడవిని నాలుగు వాడలు చేశారు. కొండవాడ, ఏటివాడ, గడ్డివాడ, వెదురువాడ. వాడకో జట్టు, జట్టుకో విసురుగాడు. వారానికోసారి కంబగిరి బండ మీద గవ్వలు వేసి, అవి పడ్డ తీరును బట్టి, జరగని ఆటను జరిగినట్టే చెప్పుకుపోయేవాడు. ఎవడు విసిరాడో, ఎంత దూరం పోయిందో, ఎవడు కిందపడ్డాడో అన్నీ గవ్వల్లోనే ఉండేవి. వినేవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. గుండెలు బాదుకునేవాళ్ళు. ఒకసారి గవ్వ బోర్లా పడి, గడ్డివాడ విసురుగాడైన దున్నకు భుజం బెణికిందని తేలింది. పొద్దున్నుంచీ నిలబడి గడ్డి మేస్తున్న దున్న ఆ మాట చెవిన పడగానే కుంటడం మొదలుపెట్టాడు. మళ్ళీ వారం గవ్వ వెల్లకిలా పడేదాకా కుంటుతూనే ఉన్నాడు. ఎంత క్రమశిక్షణ అని అడవంతా మెచ్చుకుంది.

ఇది ఉత్త కాలక్షేపంగా ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. కానీ ఎండాకాలంలో అడవి మొత్తానికి నీళ్ళుండేది ఒకే ఒక్క మడుగులో. ముందు ఎవరు తాగాలన్నది ఏటేటా తగువే. కంబగిరి దానికీ ఉపాయం చెప్పాడు. ఏ వాడ విసురుగాడు గొప్పవాడో ఆ వాడ ముందు తాగాలి, తర్వాతివాడి వాడ తర్వాత. అంతకంటే న్యాయం ఏముంటుందన్నారు. నాలుగో వాడ వంతు వచ్చేసరికి దున్నలు దిగి, పందులు పొర్లి, మడుగులో బురద తప్ప ఏమీ మిగలదన్న సంగతి మొదటి మూడు వాడలకూ పట్టలేదు.

ఇక విసురుగాళ్ళను పోల్చాలి. అందుకు పోలిక సంఘం వేశారు. ఎన్నడూ ఒకరితో ఒకరు ఆడని నలుగురిని, అసలే ఆడని నలుగురిని, పోల్చడం మామూలు పని కాదు. సంఘం రోజుల తరబడి కూర్చుంది. కొండవాడలో గాలి ఎక్కువ కాబట్టి అక్కడ విసిరి ఉంటే కాయ తేలిగ్గా పోయి ఉండేదనీ, అందుచేత కొండవాడకు మార్కులు తగ్గించాలనీ ఒకరన్నారు. ఆ గాలి ఎదురుగాలి అయి ఉంటే పెంచాలని ఇంకొకరన్నారు. గాలి ఎటు వీస్తుందో బయటికి వచ్చి చూసినవాడు లేడు.

కొండవాడ విసురుగాడు నీలాంబరం అనే నెమలి. ఆయనకు చేతులు లేవు. చేతులు లేకుండానే ఇంత పేరు తెచ్చుకున్నవాడు, ఉండి ఉంటే ఎంతవాడయ్యేవాడో అని సంఘం ఆయనకు నిబ్బరం కింద నిండు మార్కులు వేసింది. ఏటివాడ విసురుగాడు ఉరుకుందు అనే తాబేలు. బుద్ధెరిగిన నాటినుంచీ ఆయన కాయ ముట్టుకోలేదు. ఉరుకుందు విసిరిన కాయ గురి తప్పిందని చెప్పగలిగినవాడు అడవిలో ఒక్కడు లేడు. అందుకని మొదటి స్థానం ఆయనదే.

నాలుగోవాడు వెదురువాడ కొండముచ్చు, మద్దిలేటి. వాడికొక్కడికే ఒక చెడ్డ అలవాటు ఉండేది. రోజూ విసిరేవాడు. తెల్లవారగానే ఒక వెలగకాయ పట్టుకుని ఏటి ఒడ్డున ఎండు వెదురు కొనను గురిపెట్టేవాడు. పదింటిలో ఎనిమిది తగిలేవి. సంఘం సభ్యులు చెట్లెక్కి కూర్చుని తగలని రెండింటినీ లెక్కపెట్టుకునేవాళ్ళు. తగిలినవి లెక్కలోకి రావా అని ఎవరో అడిగితే, తగలడం విసురుగాడి ధర్మం, ధర్మానికి మార్కులేమిటని గద్దించారు. నాలుగు వాడల్లోనూ తప్పు విసుర్లు ఉన్నవాడు మద్దిలేటి ఒక్కడే కాబట్టి చివరి స్థానం వాడికి దక్కింది.

మద్దిలేటి తల్లి పేరు సుంకులమ్మ. ఆమె పొట్టకు కరుచుకుని ఇంకో చంటిది ఉంది, ఆడపిల్ల. పోయిన ఎండాకాలం నాలుగో వంతు బురదనీళ్ళు తాగి దానికి కడుపుబ్బి చావు తప్పింది. ఇంకో ఎండాకాలం అదే నీళ్ళు తాగితే పిల్ల దక్కదని సుంకులమ్మకు తెలుసు. తనకు తెలిసినది సంఘానికి తెలియజెప్పాలని కంబగిరి గుహకు పోయింది.

"అన్నా, నా కొడుకులాగా విసిరేవాడు ఈ నాలుగు వాడల్లో ఉన్నాడా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు" అంది.

కంబగిరి గుండె మీద చెయ్యి వేసుకోలేదు గానీ నిజమే చెప్పాడు. "లేడమ్మా. అదే వాడి ఖర్మ."

"అదేం మాట?"

"విసిరితే కదా తప్పేది. ఉరుకుందు మామను చూడు, ఎంత జాగ్రత్తపరుడో. నీవాడికి చేతి నేర్పు ఉంది గానీ పెంపకం చాలలేదు."

పెంపకం అన్న మాట సుంకులమ్మకు ముల్లులా దిగింది. ఏ తల్లికైనా అంతే. బిడ్డ చెయ్యి విరిగిందంటే ఓర్చుకుంటుంది, పెంపకం బాగాలేదంటే ఓర్చుకోలేదు. దారి పొడవునా పొట్ట దగ్గరి పిల్లను తడుముకుంటూ ఇంటికి వచ్చి, కొడుకు చేతిలోని కాయ లాక్కుంది.

"నాయనా, ఈ ఏడు విసరొద్దు" అంది.

"విసరకపోతే నేను విసురుగాణ్ణి ఎట్లయితానమ్మా?"

"వాళ్ళంతా ఎట్లయినారో అట్లే."

మద్దిలేటి మంచి పిల్లవాడు. తల్లి మాట విన్నాడు. వినకపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేది.

అప్పటినుంచి వాడి చదువంతా నిలబడటమే. రొమ్ము విరిచి నిలబడటం, దూరంగా చూస్తున్నట్టు కళ్ళు చిట్లించడం, కాయను పక్షిగుడ్డు పట్టుకున్నంత సుతారంగా పట్టుకోవడం. మొదట్లో వాడి చేతులు ఊరుకునేవి కావు. నిద్రలో కూడా విసిరేస్తుంటే సుంకులమ్మ పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకునేది. పగలు వాడి చెయ్యి కాస్త పైకి లేస్తే చాలు, తప్పితే ఎట్లరా అని గుర్తు చేసేది. కొట్టలేదు, తిట్టలేదు. ప్రేమగానే చెప్పింది. పిల్లలకు భయం బాగా ఒంటబట్టాలంటే ప్రేమగా చెప్పడమే మార్గం.

ఎండలు ముదిరేలోపల సంఘం మళ్ళీ కూర్చుంది. మద్దిలేటికి ఈ ఏడు ఒక్క తప్పు విసురూ లేదు. ఉరుకుందుకూ లేదు. చేతుల్లేని నీలాంబరాన్నీ భుజం బెణికిన దున్ననూ ఆ లెక్కలోకి తీసుకోలేదు. ఇద్దరూ సమానం కావడంతో సంఘం చాలా మథనపడి, నిలబడే తీరును బట్టి తేల్చాలనుకుంది. ఉరుకుందును లేచి నిలబడమన్నారు. ఆయన నిలబడే ఉన్నానన్నాడు. దాంతో మొదటి స్థానం మద్దిలేటికి వచ్చింది. తాబేలు అవమానంతో తల డిప్పలోకి లాక్కుంటే, అది హుందాతనమని దానికీ రెండు మార్కులు వేశారు.

వెదురువాడ ఆ ఎండాకాలం తేటనీళ్ళు తాగింది. సుంకులమ్మ చంటిది కోలుకుని కొమ్మలు పట్టుకుని ఊగసాగింది. ఆమె మాటకు వాడలో విలువ పెరిగింది. ఇరుగు పొరుగు తల్లులు పెంపకం గుట్టు చెప్పమని ఆమె చుట్టూ చేరారు. కొన్నాళ్ళలోనే వెదురువాడలో కొండముచ్చు పిల్లలను చెట్లెక్కనివ్వడం మానేశారు. ఎక్కనివాడు పడడు కదా. పిల్లలంతా నేల మీద వరుసగా కూర్చుని చెట్లను పోల్చుకునేవాళ్ళు.

ఇంకా వానలు రాలేదు. ఒక రోజు ఎండిపోయిన ఏటి అవతలి అడవినుంచి ఒక పంది వచ్చి సభ ముందు నిలబడ్డాడు. ఒంటినిండా గీరలు, ఒక కోర విరిగింది. వాళ్ళ వైపు నీళ్ళన్నీ ఎండిపోయాయని, సరిహద్దులోని ఈ మడుగు ఎవరిదన్నది వెలగకాయ ఆటలో తేల్చుకోవడం తాతల నాటి ఏర్పాటని, చాలా ఏళ్ళుగా అవసరం రాక అడగలేదని, ఇప్పుడు వచ్చిందని చెప్పాడు. ఏర్పాటు నిజమేనని ముసలివాళ్ళు ఒప్పుకున్నారు.

కంబగిరి చిరునవ్వుతో గవ్వలు తీసి బండ మీద పరిచాడు. రెండు అడవులకూ ఎంతో శ్రమ తప్పుతుందని, గవ్వలు కావాలంటే అతిథులే వెయ్యవచ్చని మర్యాదగా చెప్పాడు.

పంది ఒక గవ్వను వాసన చూశాడు. "ఇవి మీరే తాగండి. నీళ్ళు కావాలంటే రేపు కాయ తీసుకుని రండి" అని వెళ్ళిపోయాడు.

సభ ఏమీ కంగారు పడలేదు. పోలిక సంఘం ఉండగా కంగారెందుకు? సభ్యులు ఏటి ఒడ్డుకు పోయి తొంగిచూసి వచ్చారు. అవతలి విసురుగాడు అసలు విసురుగాడే కాదు, ఒంటికన్ను ఆడకోతి. పొద్దస్తమానం విసురుతూనే ఉంటుంది. తప్పులు లెక్కపెట్టడానికి సభ్యుల వేళ్ళు చాలలేదు. ఈ వైపు చూస్తే ఒక్క తప్పూ లేని మద్దిలేటి. ఆట మొదలు కాకముందే గెలుపు మనదని సంఘం ప్రకటించింది. బయ్యన్న తేనె పంచాడు. సుంకులమ్మ ఒక్కతే తేనె ముట్టలేదు. ఆమె కొడుకు చేతులనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మడుగు పక్కన రెండు అడవులూ చేరాయి. మొదట ఒంటికన్ను కోతి వంతు. ఆమె విసిరిన మొదటి కాయ తుప్పల్లో పడింది. రెండోది సొంత జట్టువాడి వీపుకు తగిలింది. ఈ వైపు గట్టు మీద సంఘం సభ్యులు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. మూడోది పరుగెత్తుతున్న పంది నోటికి నేరుగా అందింది. వాడు గీత దాటాడు. ఆమె తప్పిన వాటి గురించి బాధపడినట్టు కనిపించలేదు, తగిలిన దాని గురించి సంబరపడినట్టూ కనిపించలేదు. తర్వాతి కాయ అందుకుంది.

మద్దిలేటి వంతు వచ్చింది. వాడు రొమ్ము విరిచి నిలబడ్డాడు. దూరంగా చూస్తున్నట్టు కళ్ళు చిట్లించాడు. గట్టు మీద ఆహా అన్నారు. అవతలి పందులు దుమ్ము లేపుకుంటూ వాడి మీదికి వస్తున్నాయి. వాడి జట్టులోని దుప్పి ఒకడు పరుగెత్తి పరుగెత్తి, గీత దగ్గర ఒంటరిగా నిలబడి కాయ కోసం చూస్తున్నాడు. మద్దిలేటి కాయను గుడ్డులా పట్టుకునే ఉన్నాడు. పందులు వాడిని దొర్లించుకుపోయాయి.

రెండోసారీ అంతే. లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ నిలబడ్డప్పుడు వాడి మోకాలు నెత్తురోడుతోంది. సుంకులమ్మ పిల్లను కరుచుకునే గీత దాకా ఉరికి వచ్చింది.

"విసరరా నాయనా, విసిరెయ్" అంది.

వాడు తల తిప్పి తల్లి వైపు చూశాడు. అడిగింది ఆమెకు ఒక్కదానికే వినిపించింది.

"తప్పితే ఎట్లమ్మా?"

ఆమె జవాబు ఆలోచించుకునే లోపలే పందులు వచ్చేశాయి. చివరిసారి మద్దిలేటి కళ్ళు మూసుకుని విసిరాడు. కాయ ఎవరికీ అందకుండా పోయి మడుగులో పడింది. మడుగు అవతలివాళ్ళది అయింది.

ఆ సాయంత్రం పోలిక సంఘం కూర్చుంది. ఏ దృష్టితో చూసినా ఓడింది అవతలివాళ్ళేనని తేల్చింది. వాళ్ళ తప్పు విసుర్లు గంపెడు, మనది ఒక్కటి. నీళ్ళు వాళ్ళకు పోయిన మాట నిజమే గానీ, నీళ్ళ వ్యవహారం సంఘం పరిధిలోనిది కాదు. అయితే ఒక్క తప్పయినా తప్పు తప్పే కాబట్టి, నిలబడే తీరు మార్కులు అట్లే ఉంచి, మద్దిలేటిని రెండో స్థానానికి దించారు. కాయ ముట్టని ఉరుకుందు మళ్ళీ మొదటివాడయ్యాడు. ఈ పరిణామాన్ని తాను ముందే ఊహించానని ఆయన డిప్పలోంచి చెప్పాడు.

ఇక నీళ్ళంటే రెండు కొండల అవతలున్న పెద్ద ఏరే గతి. తెల్లవారి అడవంతా బయల్దేరింది. వరుస లేకుండా పోతే మనకూ అవతలి మొరటువాళ్ళకూ తేడా ఏముంటుందని కంబగిరి అన్నాడు. మొదటి విసురుగాడు ముందు, రెండోవాడు వెనక, తర్వాత మూడోవాడు, ఆ వెనక వాడలు. తన ముందున్న స్థానాన్ని దాటినవాడికి పోలికలో ఇక చోటు లేదు.

అలా ఉరుకుందు ముందు నడిచాడు. అడవంతా ఆయన వెనక నడిచింది. జింకలు, దున్నలు, కుందేళ్ళు ఒక్కో అడుగు వేసి నిలబడి, మళ్ళీ ఒక్కో అడుగు వేశాయి. ఎవరైనా దణ్ణం పెడితే ఉరుకుందు ఆగి, తల బయటికి పెట్టి, ప్రతినమస్కారం చేసి, మళ్ళీ లోపలికి లాక్కుని అప్పుడు కదిలేవాడు. నీలాంబరం ఎండలో పురి విప్పి నడవడంతో వెనకవాళ్ళకు దారి కనిపించలేదు. అడిగితే స్థానానికి తగ్గట్టు నడవాలి కదా అన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బయల్దేరిన చోటు ఇంకా వెనక్కి తిరిగితే కనిపిస్తూనే ఉంది.

సుంకులమ్మ చంటిదాని నాలుక ఎండి పెదవికి అంటుకుపోయింది. ఏడవడం కూడా మానేసింది. ఆమె కంబగిరి దగ్గరికి పోయి, పిల్ల పరిస్థితి చూపించి, ముందుకు పోనివ్వమని అడిగింది.

"చూస్తున్నానమ్మా, నాకూ పిల్లలున్నారు" అన్నాడు కంబగిరి. "కానీ రెండో స్థానంలో ఉన్నవాళ్ళే ఇట్లా మాట్లాడితే వెనకవాళ్ళకు ఏం చెప్పాలి? మీవాడు ఇంకో ఏడాది ఒద్దికగా ఉంటే మళ్ళీ మొదటికి వస్తాడు. అప్పుడు మీరే ముందు."

సుంకులమ్మ తిరిగి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. వాడి ముందు నేల మీద తాబేలు వీపు ఎండకు మెరుస్తోంది. జానెడు ఎత్తు.

"దాటు" అంది.

మద్దిలేటి బిత్తరపోయాడు. "తప్పు కదమ్మా?"

"తప్పే. దాటు."

వాడు కాలెత్తి ఆ డిప్ప మీదుగా అడుగేశాడు. ఆమె కూడా దాటింది. తర్వాత ఇద్దరూ కొమ్మ మీది నుంచి కొమ్మ మీదికి పోయారు. వాడు చెట్టెక్కి చాన్నాళ్ళయింది. రెండుసార్లు పట్టు తప్పి కిందపడ్డాడు, లేచి మళ్ళీ ఎక్కాడు. పొద్దు వాలకముందే రెండో కొండ దిగి ఏటి నీళ్ళలో మూతి పెట్టారు. సుంకులమ్మ దోసిలి పట్టి పిల్ల నోట్లో చుక్కచుక్కగా పోసింది. కాసేపటికి అది గట్టిగా ఏడ్చింది. అంత హాయైన ఏడుపు ఆమె ఎన్నడూ వినలేదు.

మద్దిలేటి ఒడ్డున కూర్చుని ఒక గులకరాయి తీసుకున్నాడు. అవతలి గట్టు మీద ఒక మోడు ఉంది. వాడు తల్లి వైపు దొంగచూపు చూసి విసిరాడు. రాయి ఎటో పోయింది. వాడి భుజాలు కుంచించుకుపోయాయి.

సుంకులమ్మ వంగి ఇంకో రాయి ఏరి వాడి చేతిలో పెట్టింది.

అక్కడ దారిలో పోలిక సంఘం ఎండలోనే అత్యవసరంగా కూడింది. మద్దిలేటి పేరును శాశ్వతంగా కొట్టేసి, మిగిలిన ముగ్గురిలో ఎవరు గొప్పో మళ్ళీ మొదటినుంచి పోల్చడం మొదలుపెట్టింది. అది తేలేదాకా ఎవరూ కదలకూడదన్నారు. ఎవరూ కదల్లేదు.

నీతి: వరుస తప్పినవాళ్ళకు నీళ్ళు దొరుకుతాయి, మర్యాద తెలిసినవాళ్ళు అలాంటి నీళ్ళు ముట్టరు.